ఉప్పునీళ్ళలో ఉంగరం

ఆ తల్లికి లేచింది మొదలు ఏదో ఒక కీడు తోస్తూనే ఉంటుంది. కూతురు బస్సెక్కితే బస్సు బోల్తా పడినట్టే, వీధి చివర అంబులెన్స్ కూస్తే అది తమ ఇంటికే వస్తున్నట్టే. అలాంటి మనిషి ఇంట్లో, వెనకగదిలో, కూతురు యాసిడ్ సీసా పక్కన పెట్టుకుని పని చేస్తుంటే ఇక ఆవిడ ప్రాణం కుదుటపడేదెక్కడ?

కూతురు నగల దుకాణంలో మెరుగు పెట్టే పని చేస్తుంది. ఈమధ్య యజమాని ఆకాశం నుంచి రాలిన ఇనుపరాయి ముక్కొకటి తెప్పించి, ఉంగరం చేయమని ఆ పిల్లకే అప్పగించాడు. "కొనే ఆయనకి నచ్చితే నగలు చేసే పనిబల్ల నీకే. లేదంటే మళ్ళీ మెరుగే," అన్నాడు. కొనే ఆయన ఆ సాయంత్రమే వస్తాడు.

పొద్దున్నే ఉంగరం తయారైంది. యాసిడ్‌లో ముంచి తీస్తే నున్నటి ఇనుము మీద గీతలు తేలాయి, అడ్డంగా, ఏటవాలుగా, చాప అల్లినట్టు.

"ఎవరు గీశారే ఇవి?" అంది తల్లి, గుమ్మం అవతలే నిలబడి.

"ఎవరూ గీయలేదమ్మా. ఎప్పుడో పగిలిపోయిన చిన్న గ్రహం కడుపులో ఉండేదట ఈ ఇనుము. లక్షల ఏళ్ళు మెల్లగా చల్లారుతూ ఇలా పేరుకుంది."

"అంత దూరం నుంచి ఏ రోగం మోసుకొచ్చిందో. దాన్ని వేలికి పెట్టుకుంటారా?"

"మీ అమ్మ సంగతి తెలిసిందేగా," అన్నాడు తండ్రి పేపరు చాటు నుంచి. "దేవుడు దిగొచ్చినా ముందు కాళ్ళు కడుక్కు రమ్మంటుంది."

కూతురు నవ్వేసి, వచ్చాక నూనె రాద్దాంలే అనుకుని, ఉంగరాన్ని ముందుగది గూట్లో పెట్టి, దానికి పెట్టె కొనడానికి బజారుకెళ్ళింది.

తల్లికి నవ్వు రాలేదు. నీళ్ళు కాచి, గుప్పెడు ఉప్పు పోసి, ఉంగరాన్ని అందులో వేసింది. పిల్లకి పన్ను నొప్పెట్టినా, మోకాలు దోక్కుపోయినా ఇన్నేళ్ళూ ఆవిడ నమ్ముకున్నది ఉప్పునీళ్ళనే.

కూతురు తిరిగొచ్చేసరికి గిన్నెలో నీళ్ళు ఎర్రబారాయి. ఉంగరం నిండా తుప్పు.

"నువ్వే కదా ముట్టుకునేది, అందుకని కడిగాను," అంది తల్లి.

కూతురు నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది తల్లికి. పిల్ల గరుకు కాగితం తీసుకుని రుద్దుతూ కూర్చుంది. తుప్పుతో పాటు గీతలూ పోయి, ఉంగరం ఉత్త ఇనుపచుట్టలా బోడిగా మిగిలింది. బిడ్డ బతుకుని చేతులారా పాడుచేశాననుకుని ఆవిడ గుమ్మం పట్టుకుంది.

"అమ్మా, లోపలికి రా. చేతితొడుగులు వేసుకుని ఆ సీసా అందుకో. కిటికీ బార్లా తియ్యి."

ఎప్పుడూ అడుగుపెట్టని గదిలోకి వెళ్ళింది ఆవిడ. కిటికీ తీసి, తొడుగులు వేసుకుని సీసా అందించింది. కూతురు వేరే గిన్నెలో యాసిడ్ పోసి ఉంగరం వేసింది. ఇద్దరూ వంగి చూశారు. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక గీత, దాని మీద ఇంకోటి, మళ్ళీ అదే చాప.

"పైన వేసింది కాదమ్మా. లోపలంతా అదే. ఎంత రుద్దినా మళ్ళీ తేలుతుంది."

"ఆ ముక్క ముందే చెప్పొద్దూ? నా గుండె ఆగిపోయింది."

"లోపలికొస్తే చెప్పేదాన్నిగా."

ఈసారి కడిగి, ఆరబెట్టి, నూనె రాసింది తల్లే.

సాయంత్రం కూతురు ఫోన్ చేసింది. ఆయనకి నచ్చిందట, పనిబల్ల తనకేనట.

"ఆ బల్ల పక్కన కిటికీ ఉందా?" అంది తల్లి.

"ఉందమ్మా."

"ఉప్పునీళ్ళు తగలనివ్వొద్దని ఆయనకి చెప్పావా?"

"చెప్పాను. నీకెలా తెలుసన్నాడు. మా అమ్మ కనిపెట్టిందన్నాను."