ఎడమక్క

"ఎడమకి! ఎడమకి తిరగమన్నానా? వెల్లకిలా పడుకుని ఆ ఫ్యానుకేసి ఏం చూస్తున్నావ్?"

ఆయా ఒక్కో మంచాన్నీ ఇలా దులిపేసుకుంటూ వస్తోంది. ప్రమాదమున్న గర్భిణులను కాన్పుదాకా కనిపెట్టుకుని ఉండే వార్డు అది. తల్లి ఎడమ పక్కకి తిరిగి పడుకుంటే బిడ్డకి రక్తం బాగా అందుతుందని డాక్టర్లు ఒకసారి చెప్పి వెళ్ళిపోతారు. ఆ తర్వాత రోజంతా నోరు నొప్పి పుట్టేలా అరవాల్సింది ఈవిడే. అందుకే అందరూ ఎడమక్క అంటారు. ఆ పేరు వింటే ఆవిడకి ఒళ్ళు మంట. పిలిస్తే మాత్రం పలుకుతుంది.

పొట్టి మనిషి. పగిలిన మడమలు, నీళ్ళలో నాని పాలిపోయిన చేతులు, జాకెట్టుకి గుచ్చిన సూదీ దారం. చిరిగిన దుప్పట్లతో లావుపాటి తలగడలు కుట్టడం ఆవిడకి పిచ్చి. అది వీపు వెనక పెడితే ఎంత మొండిదైనా వెల్లకిలా తిరగలేదు. ఆసుపత్రి వాళ్ళిచ్చే తలగడలు ఆవిడ దృష్టిలో అట్టముక్కలు.

కిటికీ పక్క మంచం పంతులమ్మది. తొలిచూలు. కడుపులో బిడ్డ గుండె నుంచి వచ్చే రక్తనాళాలు తారుమారుగా ఉన్నాయని స్కానింగులో బయటపడింది. వెనకటి రోజుల్లో అయితే పుట్టాక, ఒళ్ళు నీలంగా మారాక గానీ తెలిసేది కాదు. ఇప్పుడు పుట్టీ పుట్టగానే అందుకోవడానికి గుండె డాక్టర్లు కాచుకుని ఉంటారు. పైగా తల్లికి బీపీ. ఇంత జరుగుతున్నా ఆ పిల్ల ఎడమకి తిరగదు!

ఆ ఉదయం ఆమెను చక్రాల కుర్చీలో స్కానింగుకి తోసుకెళ్ళింది ఎడమక్క. లిఫ్టు ఎప్పటిలాగే మొరాయించింది. ర్యాంపు మీదుగా తోస్తూ సగంలో ఆగిపోయి, ఎడమక్క గోడకి ఆనుకుని, ఛాతీ అదుముకుంది.

"ఏంటక్కా, ఆ చెమటలేంటి? లోపల డాక్టరు గారున్నారుగా, ఒకసారి చూపించుకో."

"నన్నెందుకు చూస్తారమ్మా, నేనేమైనా కడుపుతో ఉన్నానా?"

పంతులమ్మ పగలబడి నవ్వింది.

"నవ్వింది చాల్లే, బీపీ పెరుగుతుంది."

తెర మీద ఉసిరికాయంత గుండె కొట్టుకుంటోంది. ముగ్గురు డాక్టర్లు దాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ చూశారు. మూరెడు దూరంలో, తలుపు పక్కన రొప్పుతున్న మనిషి వైపు ఒక్కరైనా తల తిప్పలేదు. ఆవిడ చెప్పనూ లేదు. చెబితే సెలవు పెట్టమంటారు, సెలవు పెడితే వార్డంతా వెల్లకిలా పడుకుంటుంది. ఇదీ ఆవిడ లెక్క! ఇలాంటి మనిషిని ఏమని తిట్టాలి?

"బిడ్డ నిలకడగా ఉంది. కాన్పుదాకా ఇలాగే జాగ్రత్తగా ఉండమ్మా," అన్నారు పెద్ద డాక్టరు.

"విన్నావుగా? ఎడమకి!" అంది ఎడమక్క.

మధ్యాహ్నం దుప్పట్ల గదిలో కూర్చుని పంతులమ్మకోసం కొత్త తలగడ మొదలుపెట్టింది.

సాయంత్రం పంతులమ్మకి మెలకువ వచ్చేసరికి వెల్లకిలా ఉంది. తిట్లు పడతాయని కళ్ళు మూసుకుని ఎదురుచూసింది. పడలేదు. పక్క మంచం ఆవిడా వెల్లకిలానే ఉంది.

"అక్కా! ఎడమక్కా!"

పలకలేదు. నర్సు వెళ్ళి చూసింది. దుప్పట్ల దొంతరకి ఒరిగి, ఒళ్ళో తలగడతో, ఎడమక్క చల్లబడిపోయి ఉంది. డాక్టర్లు పరిగెత్తుకొచ్చారు. ఆవిడ గుండె మీద స్టెతస్కోపు పెట్టడం అదే మొదటిసారి.

పంతులమ్మకి దుఃఖం ఆగలేదు. ఏడుస్తూనే, ఎవరూ చెప్పకుండానే, ఎడమకి తిరిగింది. ఆమె అడిగితే నర్సు ఆ తలగడకున్న సూది తీసేసి, తెచ్చి వీపు వెనక పెట్టింది. కుట్టడం పూర్తికాని మూలలోంచి పాత దుప్పటి పేలిక ఒకటి బయటికి వేలాడుతోంది.