కొరివి పెట్టినవాడి పేరు

పదోనాడు పిండం పెట్టించి వచ్చినప్పటి నుంచి ఆగమ్మ చూపంతా గుమ్మం మీదే ఉంది. మగడు బుచ్చిరాములు పోయిన రోజు తాను తొందరపడి అన్న మాట ఆమెను నిలవనీయడం లేదు.

ఉన్నది ఒక్కతే కూతురు, అనురాధ. "బాపుకు నేనే కొరివి పెడ్త" అని ముందుకొస్తే, నేతపనికి వలసొచ్చిన ఈ మరాఠీ నేల మీద, పద్మనగర్‌లోని తమ కులపెద్దలు ఏమంటారోనని ఆగమ్మే నోరు మూయించింది. అంజూర్ ఫాటా నుంచి మరిది కొడుకు సంపత్‌ను పిలిపించి, శవం లేవకముందే అందరి ఎదుటా అతని చేతులు పట్టుకుంది. "కొడుకా, నువ్వే నిప్పు పెట్టు. సాంచెలు, ఈ ఖోలీ ఇగ నీయే" అనేసింది.

కొరివి పెట్టినవాడికే ఆస్తి దక్కడం ఆమె సొంతూళ్లో చూసిందే. కొడుకుల్లేని మేనత్త అట్లాగే ఒక బట్టలమూటతో ఇల్లు విడిచింది. మళ్లీ కనబడలేదు.

బుచ్చిరాములు ఇరవై ఏళ్లు కూలికి నేసి, ఒకటొకటిగా కొన్న నాలుగు మరమగ్గాలు, ఆ సాంచెలు కిందా, కాపురముండే గది ఖోలీ పైనా. కింద మగ్గాలు ఆడుతుంటే నేల అదురుతుంది. ఆ అదురు లేక పది రోజులుగా ఆగమ్మకు నిద్ర లేదు.

సంపత్ చేతిలో కాగితాల కవరుతో లోపలికొచ్చాడు. చాయ్ తాగుతున్న కులపెద్ద చిన్నయ్య అతని గుండు చూసి నవ్వాడు.

"ఏం సంపతూ, సేఠ్‌వయినవ్! టోపీ పెట్టుకో, కండ్లు చెదురుతున్నయ్."

"సేఠ్‌ను గాదు తాతా, వకీలు కాడ చక్కర్లు కొట్టేటోన్ని." కాగితం ఆగమ్మ ముందు పెట్టాడు. "పెద్దమ్మా, వారసుల అర్జీ. నువ్వూ, చెల్లెలూ దస్తఖత్ పెట్టాలె. చదువు, నీకొస్తది గద."

బస్సుల బోర్డులు చూసి నేర్చుకున్న మరాఠీ అక్షరాలు. వేలు పెట్టి కూడబలుక్కుంది. వారసులు: ఆగమ్మ, అనురాధ. కాగితం తిప్పి వెనకా చూసింది.

"నీ పేరేదిరా?"

"నాదెందుకుంటది? అది పెద్దబాపు సొంత కష్టం. పెండ్లాం, బిడ్డ ఉండంగ తమ్ముని కొడుక్కు హక్కు లేదని వకీలు చెప్పిండు."

"మరి మీ పెద్దమ్మ మా అందరి ముందట మాటిచ్చింది గదరా! కొరివి పెట్టినోడివి," అన్నాడు చిన్నయ్య.

"కొరివి పెద్దబాపుకు పెట్టిన తాతా, సాంచెలకు గాదు. నాకు పని నేర్పింది ఆయననే."

అనురాధ కళ్లు తుడుచుకుంది. "అన్నా, నీకేం వద్దా?"

"వద్దని ఎవరన్నరు? వారానికోపారి, ఐతారం నాడు, పెద్దమ్మ చేతి సర్వపిండి గావాలె."

అందరూ నవ్వారు, ఆగమ్మ తప్ప. ఏ పేరు ఉంటుందోనని పది రోజులు వణికిందో, అది లేకపోయేసరికి లోపలేదో ఖాళీ అయింది. మగడు పోయాడు. వీడూ దూరమవుతాడేమో.

"నీ పేరు లేని కాగితం మీద నేను దస్తఖత్ పెట్ట," అంది మొండిగా.

సంపత్ అడుగున ఉన్న గీత చూపించాడు. "గిక్కడ సాక్షి గావాలె. నేను పెడ్త, చూడు."

అతను సంతకం చేశాక ఆగమ్మ ఆ పేరును అక్షరం అక్షరం తడిమి చదివింది. తర్వాతే తన పేరు రాసింది.

అనురాధ కూడా సంతకం పెట్టి, కిందికి వెళ్లి సాంచె నడిపింది. కాళ్ల కింద నేల అదిరింది.

"పోయొస్త పెద్దమ్మా" అని సంపత్ లేచాడు.

"ఐతారం దాక ఎందుకురా? కూసో," అంటూ ఆగమ్మ సర్వపిండికి బియ్యప్పిండి డబ్బా మూత తీసింది.