పన్నెండు సీసాల సాక్ష్యం

యాపిల్‌ని కిందికి లాగకూడదు. పైకెత్తి మణికట్టు తిప్పాలి, తొడిమ కాయతోనే రావాలి. యాకిమా లోయలో, లిండ్‌క్విస్ట్ వాళ్ళ తోటలో, హసింతా పన్నెండేళ్ళుగా పొద్దున్న ఐదున్నరకే నిచ్చెనెక్కి ఇదే చేస్తోంది. ఆమె కోసిన ప్రతి కాయ మీదా ఆమె బొటనవేలి ముద్ర పడిపోయేది, పుట్టుమచ్చలాగా. కడిగినా పోదు, మైనం పూసినా పోదు. షెడ్డులో కాయలు ఏరే ఆడవాళ్ళు "ఇదిగోనే, మార్సెలా సరుకు!" అంటూ రెండో రకం పెట్టెలోకి తోసేవాళ్ళు. యజమాని తల్లి ఆర్డిస్ వాటిలో చిన్నకాయలు ఏరుకుని, దాల్చినచెక్క పాకంలో తొక్కతో సహా ఉడికించి, ఏటా ఒక సీసా దాచుకునేది.

మార్సెలా అంటే హసింతానే. పనిలో చేరాలంటే ప్రభుత్వమిచ్చే కార్డుండాలి, హసింతాకి లేదు. టెక్సాస్‌లో ఉండే మార్సెలా అనే ఆవిడ కార్డు అరువు తెచ్చుకుంది. తోటలో సగంమందివి అరువు పేర్లే. యజమాని వేడ్‌కి అది తెలుసు. తెలియనట్టు ఉండటం కూడా అతని వ్యాపారంలో భాగమే.

ఆ వసంతంలో హసింతా కారు వెనక లైటు వెలగలేదని పోలీసు ఆపాడు. వేలిముద్రలు తీసుకున్నారు. వ్యవహారం ఇమ్మిగ్రేషన్ కోర్టుదాకా పోయింది.

"పదేళ్ళు తెగకుండా ఇక్కడే ఉన్నావని చూపిస్తే మీ దేశానికి తిప్పి పంపించరు," అంది హసింతా తరఫు లాయరమ్మ. "ఇక్కడ పుట్టిన నీ కూతురి గుండె జబ్బు కాగితాలు మనకున్నాయి. జీతం చీటీలు పట్రా."

హసింతా సంచెడు పట్టుకొచ్చింది. ఒక్కదాని మీదా ఆమె పేరు లేదు. పన్నెండేళ్ళూ మార్సెలా ఉంది. హసింతా ఎక్కడా లేదు.

వేడ్ అప్పుడే రాజధాని నుంచి తిరిగొచ్చాడు. వలస చట్టం మార్చండి మహాప్రభో అని పెద్దల ముందు మాట్లాడి, పేపర్లో ఫొటో వేయించుకుని మరీ వచ్చాడు.

"మీ కోసం గొంతు పోయేలా అరిచొచ్చాను మార్సెలా!"

"అంత అరవక్కర్లేదు సార్. నేను ఇక్కడ పన్నెండేళ్ళు పనిచేశానని, నా అసలు పేరుతో, ఒక్క కాగితం రాసివ్వండి."

వేడ్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "రాస్తే అరువు పేరని తెలిసే పెట్టుకున్నానని ఒప్పుకున్నట్టు కదా. కొత్త చట్టం రానీ, అప్పుడు చూద్దాం."

"అది వచ్చేసరికి నేను సరిహద్దు అవతల, మా వహాకాలో ఉంటాను. మీరు మటుకు ఫొటోలో ఉంటారు."

విచారణ రోజున ఆర్డిస్ కళ్ళ డాక్టరు దగ్గరికని చెప్పి కొడుకు చేత బండి నడిపించుకుని, ఒడిలో అట్టపెట్టె పెట్టుకుని ఊళ్ళోకి వచ్చింది. కోర్టు ముందు ఆపమంది. లోపలికెళ్ళి పన్నెండు సీసాలూ జడ్జి బల్ల మీద వరసగా పేర్చింది. గులాబీరంగు పాకంలో కాయలు, కాయకో ముద్ర, మూతకో సంవత్సరం.

"మూత మీద అంకె ఎవరైనా వేయొచ్చు," అన్నాడు ప్రభుత్వ లాయరు.

"నా వయసు గురించి అబద్ధమాడాను నాయనా. మూత మీద ఎన్నడూ ఆడలేదు."

"ముద్ర ఈవిడదేనని రుజువేమిటి?"

"మీరే తీసుకున్నారు కదయ్యా ఆవిడ వేలిముద్రలు! ఆ ఫైలు తెరవండి."

జడ్జి ఫైలు తెరిచి, సీసాలు ఒక్కొక్కటే వెలుతురుకి ఎత్తి చూశాడు. గంట పట్టింది. ఒక్క గీత కూడా తేడా లేదు.

"పంపించడం లేదు," అన్నాడు. "అయితే ఇక్కడే స్థిరపడే కార్డులు ఏడాదికి నాలుగు వేలమందికే. ఈ ఏటివి అయిపోయాయి. మీ వంతు వచ్చేదాకా వరసలో ఉండండి. పని చేసుకోవచ్చు."

పన్నెండేళ్ళు నిచ్చెన మీద నిలబడ్డ మనిషిని ఇంకా నిలబడమన్నారు. హసింతా థాంక్స్ చెప్పలేదు. చెప్పాలనిపించలేదు.

బయట బండికి ఆనుకుని ఉన్న వేడ్ నవ్వుతూ ఎదురొచ్చాడు. "బతికించావు మార్సెలా! సోమవారం కోత మొదలు."

"మార్సెలా రాదు సార్. ఆవిడ టెక్సాస్‌లో ఉంటుంది."

"అదే... నువ్వే."

"నేనెవరో కాగితం మీద రాసివ్వండి. పన్నెండేళ్ళూ రాయండి. అప్పుడొస్తాను. లేకపోతే పక్క తోటలోనూ నిచ్చెనలున్నాయి."

వేడ్ అటూ ఇటూ చూశాడు. అక్కడ తోటలో ఆరువందల ఎకరాలు ఎర్రగా పండి ఉన్నాయి. జేబులో కలం తడుముకుని, బండి మీద కాగితం పరిచి, రెండు మాటలు రాసి ఆగిపోయాడు. ఆమె అసలు పేరు అతనికి తెలియదు.

"రాయరా," అంది ఆర్డిస్ వెనకనుంచి. "పేరు నేను చెబుతాను."