రెండో కత్తి

మధ్యాహ్నానికి పెద్దక్క వేళ్ళకి మిగిలిన కాస్త స్పర్శా పోయింది. అంతా కత్తి ముంచే బకెట్లో మందునీళ్ళ చలవే. మొదటి వారం మంట పుట్టింది, రెండో వారం దురద, మూడో వారానికి ఏమీ లేదు. వేలు తెగినా నొప్పి తెలియదు, రక్తం కనిపిస్తేనే తెలుస్తుంది. రక్తం అంటిన ముక్క విత్తనానికి పనికిరాదని గుమాస్తా విసిరేస్తాడు. అందుకని ఆమె దుంప కంటే వేలినే ఎక్కువ కనిపెట్టుకుని కోస్తోంది.

షెడ్డులో పన్నెండుమంది ఆడవాళ్ళు, మధ్యలో విత్తనపు బంగాళాదుంపల కుప్ప. దుంపని ముక్కలు చెయ్యాలి, ప్రతి ముక్కకీ మొలకెత్తే కన్ను ఉండాలి. బుట్టకి పన్నెండు రూపాయల కూలి. కత్తి మాత్రం కూలివాళ్ళదే. ఈ ఆచారం ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగనూ లేదు. పొద్దున్నే కత్తిని గుడ్డలో చుట్టి నడుముకి కట్టుకు రావడం, సాయంత్రం ఇంట్లో దాంతోనే కూర తరుక్కోవడం, ఇక్కడ పని అయిపోతే దాంతోనే ఇంకో షెడ్డుకి పోవడం. అంతే.

రెండేళ్ళ కిందట ఈ పొలంలో ఆకుల మీద పసుపు మచ్చలు లేచాయి. తవ్వితే దుంపలు గోలీకాయలంత ఉన్నాయి. నిరుడు పరిశోధనా కేంద్రం నుంచి ఒకమ్మాయి వచ్చి నెల్లాళ్ళు షెడ్డులోనే కూర్చుంది. ఆమె సంచీ నిండా చిన్న చిన్న సీసాలు. సీసాలమ్మాయి అని పేరు పెట్టేశారు. కత్తిని తడిగుడ్డతో తుడిచి, ఆ తడిలో కాగితపు పుల్ల ముంచేది. ఒక గీత వస్తే శుభ్రం, రెండొస్తే వైరస్ ఉన్నట్టు. రెండు గీతలొస్తే నీ కత్తి నీళ్ళోసుకుందే అని ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు ఏడిపించుకున్నారు. పదకొండు కత్తులు నీళ్ళోసుకున్నాయి. మిగిలిన ఒక్కటి ఎనిమిది రోజులు జ్వరంతో పడుకుని ఆ పొద్దునే పనిలోకొచ్చిన మనిషిది. మంచం పట్టినందుకు ఆవిడకి మంచి పేరొచ్చింది.

ఈ వైరస్‌కి మందు లేదని సీసాలమ్మాయి చెప్పింది. రోగమున్న దుంప ఒక్కటి కోస్తే చాలు, ఆ రసం కత్తి వెంట తర్వాతి దుంపలకి పాకుతుంది. ఆపే ఉపాయమూ చెప్పింది. మనిషికి రెండు కత్తులుండాలి. ఒకటి మందునీళ్ళలో నానుతుంటే రెండోదానితో కోయాలి, దుంప దుంపకీ మార్చుకోవాలి. పనీ ఆగదు, రోగమూ పాకదు.

యజమాని మందు కొన్నాడు. కత్తులు కొనలేదు. కత్తి మీదే కదా, ఇంకోటి మీరే తెచ్చుకోండన్నాడు. కత్తి ఖరీదు అరవై బుట్టల కూలి. ఎవరూ తెచ్చుకోలేదు. ఉన్న ఒక్క కత్తినే ముంచి, పది లెక్కపెట్టి, తీసి కోస్తే, రోజుకి ముప్ఫై బుట్టలు కోసే మనిషి పద్దెనిమిది దగ్గర ఆగిపోయింది. రేటు మాత్రం అదే. ఇంకేముంది, గుమాస్తా చూస్తుంటే ముంచేవాళ్ళు, అటు తిరిగితే మానేసేవాళ్ళు. పెద్దక్కా మానేసింది. పిండి కొద్దీ రొట్టె.

ఆ విత్తనం కొన్న రైతుల పొలాలన్నిట్లోనూ మచ్చలు లేచాయి. నష్టం కట్టమని వాళ్ళు యజమాని మీద పడ్డారు. అందుకే ఈ ఏడు గుమాస్తా కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చుంటున్నాడు. అందరూ ముంచుతున్నారు, అందరి వేళ్ళూ చచ్చుబడ్డాయి.

మూడింటికి యజమాని బండి వచ్చింది. వెనకాల సీసాలమ్మాయి కూడా దిగింది. యజమాని చేతిలో రెండు కాగితాలున్నాయి. మొదటిది అమ్మాయి నివేదికలోని పేజీ. వ్యాధి కూలీల కత్తుల ద్వారా వ్యాపించింది అన్న వాక్యం కింద ఎర్రగీత గీసి ఉంది. రెండోది వేలిముద్రల కోసం రాయించింది. కత్తులు ముంచనందువల్లే రోగం పాకింది, నష్టంలో మా వంతు మా కూలిలో కోసుకోవచ్చు, అని. రేపు పొద్దున్నకల్లా ముద్రలు పడకపోతే ఇంకో ముఠాని దింపుతానని మెల్లగానే చెప్పాడు. తిలాపాపం తలా పిడికెడంటారు. ఇక్కడ పిడికెళ్ళన్నీ పన్నెండుమందికే వచ్చాయి.

పెద్దక్క సీసాలమ్మాయి వైపు తిరిగింది.

"రెండో కత్తి సంగతి రాయలేదా అమ్మా?"

"రాశానండీ. తర్వాతి పేజీలో."

"ఆ పేజీ ఏది?"

అమ్మాయి యజమాని చేతిలోకి చూసింది. ఆమె పరిశోధన మళ్ళు అతని పొలంలోనే ఉన్నాయి, ఇంకో రెండేళ్ళు ఉండాలి. యజమాని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అమ్మాయి తల వంచుకుని సంచీలో ఏదో వెతుక్కుంది. పెద్దక్కకి ఆమె మీద కోపం రాలేదు. అసలు ఏమీ రాలేదు.

సాయంత్రం ఇంటికి పోతూ చెల్లెలు ముద్ర వేసేద్దామంది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని పదహారేళ్ళుగా కోస్తున్నారు.

"వేలికి స్పర్శే లేదు కదక్కా. నొక్కితే ఏం నొప్పి?"

పెద్దక్క నడుముకున్న కత్తి ముడి తడుముకుంది. చాలా దూరం నడిచాక, ఈ కత్తి మనది కాకపోతే ఈ రోగం ఎవరిదై ఉండేదే, అని అడిగింది. చెల్లెలు నిలబడిపోయింది. తర్వాత ఇద్దరూ ఇళ్ళకి పోకుండా మిగతా పదిమంది గుమ్మాలూ తిరిగారు.

మర్నాడు పన్నెండుమందీ వేళకే వచ్చారు. ఎవరి గోనెపట్టా మీద వాళ్ళు కూర్చుని, ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. కత్తులేవని గుమాస్తా అడిగాడు.

"ఇంట్లో ఉన్నాయి. కత్తి మాదైతే రోగమూ మాదే అంటున్నారు. మనిషికి రెండు మీరివ్వండి, కోస్తాం," అంది పెద్దక్క.

గుమాస్తా యజమానికి ఫోన్ చేశాడు. కాసేపటికి బయట లారీ ఆగింది. ఇంకో ముఠా ఆడవాళ్ళు దిగి వరసగా లోపలికొచ్చారు. ఒక్కొక్కరి నడుముకీ గుడ్డలో చుట్టిన కత్తి ఉంది. కుప్ప చుట్టూ ఉత్త చేతులతో కూర్చున్న వాళ్ళని చూసి, ముందు నడుస్తున్న ఆవిడ ఆగింది. కానివ్వండి కానివ్వండి అని గుమాస్తా వెనకనుంచి తరుముతున్నాడు.

"ఏమైందొదినా?" అని ఆవిడ అడిగింది.

పెద్దక్క తన గోనెపట్టా మీద కాస్త పక్కకి జరిగి చోటిచ్చింది.

"కూర్చో, చెప్తా."

ఆవిడ చెయ్యి నడుముకున్న గుడ్డ ముడి మీదే ఉంది. ముడి ఇంకా విప్పలేదు.