నా వంతు భయం

కొత్తగా కొన్న మాత్రల షీటును వెలుతురుకు పట్టుకుని చదువుతుంటే మా ఆయన నవ్వారు.

"షాపువాడికి తెలీదా? నీ అనుమానం బంగారం కానూ!"

పెళ్లైనప్పటినుంచీ ఆ ఇంట్లో నాకున్న పేరు అనుమానం పక్షి. గ్యాస్ కట్టేశానో లేదోనని మెట్ల మీంచి వెనక్కి వచ్చినా, పాప ఒళ్లు వెచ్చబడిందేమోనని నుదురు తాకి చూసినా ఇంటిల్లిపాదికీ అదొక వేడుక. "ఇంత పిరికిదాన్ని ఎక్కడా చూళ్లేదమ్మా" అని అత్తయ్య చుట్టాల ముందు నవ్వేవారు. నేనూ కలిసి నవ్వేదాన్ని.

షీటు మీద అత్తయ్య బీపీ మాత్ర పేరు సరిగానే ఉంది. మోతాదు మాత్రం రెట్టింపు. ఆస్పత్రికి తీసుకెళ్లి చూపిస్తే డాక్టరమ్మ ఉలిక్కిపడింది.

"వేసుకునుంటే కళ్లు తిరిగి పడిపోయేవారు. ఎవరు కనిపెట్టారు?"

"మా ఇంట్లో అందరం కాస్త జాగ్రత్తేనండి" అన్నారు మా ఆయన.

ఇంటికొచ్చాక అత్తయ్య నా చెయ్యి పట్టుకున్నారు. "నువ్వుండబట్టేనమ్మా మేమింత నిశ్చింతగా ఉన్నాం." ప్రేమగానే అన్నారు. నేను వెళ్లి గ్యాస్ ఇంకోసారి చూసొచ్చాను.

నా ఉద్యోగం పక్షుల స్వభావాల మీద పరిశోధన. తెగువ ఉన్న పిట్ట ముందుకెళ్లి కడుపునిండా తింటుంది, త్వరగా గద్దకు చిక్కుతుంది. బెదురు పిట్ట బతుకుతుంది గానీ బక్కచిక్కి ఉంటుంది. రెండు స్వభావాలూ యుగాలుగా మిగిలాయంటే దేని లాభం దానికుంది, దేని ఖర్చు దానికుంది అని విద్యార్థులకు ఎన్నిసార్లు చెప్పానో. మర్నాడు ల్యాబులో వీడియో చూస్తున్నాను. ఒక పిట్ట కొమ్మ మీద తలెత్తి అన్ని దిక్కులా చూస్తోంది. దాని భరోసాతో మిగతావి తలలు దించుకుని గింజలు ఏరుకుంటున్నాయి. నా బెదురుకూ లాభం లేకపోలేదు. కాకపోతే లాభం ఇంట్లో అందరిదీ, ఖర్చు నా ఒక్కదానిదీ. అంతలో ఆ పిట్ట తినడానికి కిందికి దిగింది. ఇంకొకటి ఎగిరి కొమ్మెక్కింది.

లేచి మా ప్రొఫెసర్ గది తలుపు తట్టాను. అడవిలో పక్షుల్ని గమనించడానికి ఆవిడ మనిషి కోసం వెతుకుతున్నారు.

"నేను వెళ్తాను మేడమ్."

"నాలుగు నెలలమ్మా. ఇంట్లో అడిగావా?"

"చెప్తాను" అన్నాను.

చెప్పాను. మా ఆయన టీవీ కట్టేశారు.

"మరి పాప? అమ్మ మందులు? ఇవన్నీ ఎవరు చూస్తారు?"

అత్తయ్య కూడా నావైపే చూస్తున్నారు.

"మీరూ కొంచెం భయపడటం నేర్చుకోండి" అన్నాను. "మొదట్లోనే కష్టం. తర్వాత అలవాటైపోతుంది."