గంటలో ఊడే గుడారం

టైలరక్క ఆ గుడారాన్ని పదకొండు రోజులు కుట్టింది. గుడారం వేస్తారు గానీ కుడతారా అంటే, ఆవిడ కుట్టిందండీ. చలికాలంలో మంచు పడిందంటే చాలు, తెల్లారేసరికి టమాటా నారు ఉడికిన ఆకుకూరలా వేలాడిపోతుంది. అందుకని కలిగినవాళ్ళు మొక్కలకి గాజు ఇళ్ళు కట్టిస్తారు. టైలరక్కకి గాజు గ్లాసు పగిలితేనే ప్రాణం ఉసూరుమంటుంది, ఇక గాజు ఇల్లెక్కడ? పరుపుల కొట్టువాణ్ణి బతిమాలి, కొత్త పరుపులకి చుట్టి వచ్చే మందపాటి ప్లాస్టిక్ షీట్లు తెచ్చుకుంది. అతను ఎలాగూ పారేసేవే.

వాటిని కలిపి కుట్టడంలోనే ఉంది తిరకాసంతా. సన్నకుట్టు వేస్తే ప్లాస్టిక్ ఆ చిల్లుల వెంబడే తపాలా బిళ్ళలా చిరిగి చేతికొస్తుంది. నాలుగు షీట్లు నాశనం చేసుకుని, తనని తాను నాలుగు తిట్లు తిట్టుకుని, చివరికి కుట్టు కింద గుడ్డపట్టీ పెట్టి పొడుగుకుట్లు వేసింది. రెండు కొసలకీ పైజమాకి ఎక్కించినట్టు బొందు ఎక్కించింది. లాగితే మూతి ముడుచుకుంటుంది, వదిలితే తెరుచుకుంటుంది. అంచుల పొడుగునా గుడ్డగొట్టాలు కుట్టి, గాలికి లేవకుండా వాటిలో ఇసుక నింపింది.

లోపలి ఎముకలు మాత్రం తమ్ముడివి. తమ్ముడు తాపీ మేస్త్రీ. పని జరిగే చోట మిగిలిపోయిన ఇనప ఊచలూ, ప్లాస్టిక్ పైపులూ తెచ్చి ఇచ్చాడు. ఊచని నేలలోకి దిగ్గొట్టి, పైన జానెడు వదిలి, దానికి పైపు తొడిగి, వంచి అవతలి ఊచకి తొడిగితే ఒక కమాను. అలాంటివి ఏడు. ఒక్క మేకు లేదు, ఒక్క బోల్టు లేదు. ఊడదీయాలంటే పైపు పట్టుకుని పైకి లాగడమే.

అలా ఊడి రావడమే ముఖ్యం. ఎందుకంటే ఆ నేల టైలరక్కది కాదు. పాత గిడ్డంగి వెనక ఖాళీ జాగాని ఇరవై ఆరు మడులుగా విడగొట్టి, కాలనీ సంఘం వాళ్ళు వరస ప్రకారం ఇచ్చారు. మడికొకటే షరతు: పక్కా కట్టడం కూడదు. ఏది వేసినా గంటలో ఊడదీయగలగాలి. పునాది కనపడిందా, మడి రద్దు, వరసలో తర్వాతి వాళ్ళకి.

టైలరక్క ఆ మడి కోసం ఆరేళ్ళు కాచుకుంది. ఆవిడ కొట్టు మెట్ల కింద గది. కిటికీ లేదు, నిలబడితే తల తగులుతుంది. రోజుకి పది గంటలు మెడ వంచుకుని ఊళ్ళోవాళ్ళ చంకలూ నడుములూ సరిచేసే మనిషికి, నిటారుగా నిలబడి ఆకాశం చూసే చోటు అదొక్కటే. ఆ మడి పోతే తను మళ్ళీ ఆ మెట్ల కిందే అని ఆవిడకి బాగా తెలుసు.

గుడారం లేచింది. లోపల ఇరవై తట్టల టమాటా, క్యాప్సికం నారు. పొద్దున పదింటికి మూతులు తెరవాలి, లేకపోతే ఎండకి లోపల ఆవిరి పట్టి నారు మాడిపోతుంది. నాలుగింటికి బొందులు బిగించాలి, లేకపోతే చలికి చస్తుంది. చంటిపిల్లకి పాలు పట్టినట్టు వేళ తప్పకుండా చేసింది. చుట్టుపక్కల మడులవాళ్ళు గడ్డి ఎండిపోయిన నేలని చూసుకుంటూ ఉంటే, ఈవిడ దగ్గర పచ్చగా నవనవలాడుతూ నారు. ఓర్వలేనివాళ్ళు లేకపోలేదు. కానీ దెబ్బ వాళ్ళ నుంచి రాలేదు.

పోయిన వారం స్కూలు యూనిఫారాల పని మీద పడింది. రెండ్రోజులు కొట్టు వదిలి కదలడానికి లేదు.

"నేను చూసుకుంటాలే అక్కా, నువ్వు కుట్టుకో," అన్నాడు తమ్ముడు. "పదింటికి తెరవడం, నాలుగింటికి మూయడం, అంతేగా."

అమ్మ పోయినప్పుడు వాడు మూడేళ్ళవాడు. అన్నం కలిపి పెట్టింది, బడికి పంపింది, పెళ్ళి చేసింది అంతా అక్కే. వాడు "చూసుకుంటా" అంటే ఆవిడ మళ్ళీ అడుగుతుందా? అడగలేదు. మూడో రోజు వెళ్ళి చూస్తే నారు క్షేమం, నీళ్ళు పోసి ఉన్నాయి, కమానుల మొదట్లో మట్టి కూడా చక్కగా ఎగదోసి ఉంది. "మా వాడికి ఎంత ఓపిక!" అని మురిసిపోయింది పాపం.

శుక్రవారం తనిఖీ. సంఘం కార్యదర్శి ఒకప్పుడు బడిలో డ్రిల్లు మాస్టారు. మెడలో ఎప్పుడూ కొలత టేపు వేలాడుతుంది కాబట్టి అందరికీ టేపు మాస్టారే. టైలరక్క కూడా మెడలో టేపుతోనే తిరుగుతుంది కదా, ఇద్దరూ ఎదురుపడితే జనం నవ్వుకుంటారు.

"ఏం టైలరక్కా, ఇది ఊడుతుందా, లేక నేను ఊడబీకాలా?" అన్నాడాయన.

"ఊడటమా! మీరు టీ తాగేలోపు మడతపెట్టి చంకలో పెట్టుకుంటా. గడియారం చూసుకోండి."

గొట్టాల్లో ఇసుక వంపేసింది, బొందులు విప్పింది, షీటు మడిచింది. ఆరు నిమిషాలు. చుట్టూ చేరినవాళ్ళు చప్పట్లు కొట్టారు. మధ్య కమానులు ఐదూ ముల్లంగి పీకినట్టు వచ్చేశాయి. చివరి కమాను పట్టుకుని లాగింది. రాలేదు. నవ్వుతూనే రెండు చేతులతో లాగింది. ఉహు. అవతలి చివర కమాను కూడా అంతే.

"మట్టి బిగుసుకుందేమో," అంటూ మాస్టారు బూటుతో మొదట్లో గీకాడు. మట్టి కింద బూడిదరంగు తేలింది. ఎవరో పార తెచ్చారు. తవ్వితే నాలుగు మూలలా నాలుగు బకెట్ల కాంక్రీటు. ఊచా, పైపూ కలిపి దిగేసి, పైన చక్కగా మట్టి కప్పి ఉంది.

టైలరక్క నోటి నుంచి మొదట వచ్చిన మాట ఏమిటో తెలుసా? తమ్ముణ్ణి వెనకేసుకొచ్చే మాట!

"మా తమ్ముడు చేసి ఉంటాడు మాస్టారూ. గాలికి ఎగిరిపోతుందని భయపడి ఉంటాడు. వాడికి మన షరతులు తెలియవు. చిన్నవాడు."

మాస్టారు ఆవిడ మొహంలోకి చూడలేదు. "నిరుడు పద్నాలుగో మడిలో ఇటుకల గట్టు కట్టారని రద్దు చేశాం గుర్తుందా? ఆ గట్టు పగలగొట్టింది మీ తమ్ముడే కదమ్మా. ఎందుకు పగలగొడుతున్నామో నేనే విడమరిచి చెప్పాను."

ఆవిడకి గుర్తుంది. ఆ రోజు వాడికి టీ తెచ్చి ఇచ్చింది కూడా తనే.

ఫోన్ చేస్తే వాడు పావుగంటలో వచ్చాడు. పనివేళ, కానీ ఒంటిమీద సిమెంటు చుక్క లేదు, ఉతికిన చొక్కా. "గాలికని వేశానక్కా," అన్నాడు, అందరికీ వినపడేలా. మాస్టారు పుస్తకం తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. పాతికమంది చూస్తున్నారు, నిరుడు ఒకరికి చేసింది ఈసారి చేయకపోతే ఎలా?

"మడి రద్దమ్మా. రేపటి నుంచి వరసలో మొదటి పేరు వాళ్ళది." గొంతు తగ్గించాడు. "మీకు తెలియదా? మొదటి పేరు మీ మరదలిదే."

మరదలంటే ఎవరు, ఈ తమ్ముడి పెళ్ళామే! కంచే చేను మేసిందంటే ఇదే. టైలరక్క తమ్ముడి వైపు తిరిగింది. వాడు కాంక్రీటు ముద్దని కాలితో తోస్తున్నాడు, అది కదలదని వాడికి తెలియనట్టు.

"అడిగితే ఇచ్చేదాన్ని కదరా."

"సగం ఇచ్చేదానివి. సగం ఏం సరిపోతుందక్కా?" అన్నాడు వాడు, మెల్లగా, నచ్చజెబుతున్నట్టు. "అయినా నీ పేరైతే ఏంటి, మా పేరైతే ఏంటి? మనది మనదే కదా."

ఆవిడ కొట్టలేదు, తిట్టలేదు. ముప్ఫై ఏళ్ళు పెంచిన అక్కకే వాడు గొయ్యి తవ్వాడు. అందరూ వెళ్ళిపోయాక కమానులు మళ్ళీ తొడిగి, షీటు కప్పి, గొట్టాల్లో ఇసుక నింపి, బొందులు బిగించి ఇంటికి పోయింది. మడి పోయినదానికి గుడారంతో పనేంటని అడక్కండి. నారు ఏం పాపం చేసింది?

శనివారం ఎండ పేలిపోయింది. టైలరక్క మెట్ల కింద కూర్చుని ఒక జేబు మూడుసార్లు కుట్టింది, మూడుసార్లు విప్పింది. తొమ్మిదీ నలభై. తొమ్మిదీ యాభై. వాళ్ళు తెరుస్తారో లేదో! ఇక లాభం లేదని లేచి, కొట్టుకి తాళం వేసి, చెప్పులు వేసుకోవడం కూడా మర్చిపోయి పరిగెత్తింది.

ఎవరూ రాలేదు. షీటు లోపల ఆవిరి నీళ్ళై కారుతోంది. రెండు మూతులూ తెరిచింది. వాలిన ఆకులు చూసి, కళ్ళు తుడుచుకుని, తట్టతట్టకీ చెంబుతో నీళ్ళు పోసింది. అప్పటికి మనసు కొంచెం మెత్తబడింది కూడా. చిన్నవాడు, పెళ్ళాం పోరు పెట్టి ఉంటుంది, పోనీలే, వాడేమైనా పరాయివాడా అనుకుంది. రక్తం అంత పాడుది.

పదకొండింటికి తమ్ముడు ఫ్లాస్కు పట్టుకుని వచ్చాడు. అక్కని చూసి మొహం విప్పారింది. సిగ్గూ లేదు, బెంగా లేదు. పరమ సంతోషం!

"నాకు తెలుసక్కా, నువ్వొస్తావని!" అన్నాడు. "మా ఆవిడ భయపడింది, మీ అక్క అలిగితే ఈ మొక్కల సంగతి మనకేం తెలుసు అని. నేనే చెప్పా. పేరు మారుతుంది గానీ పని మారదు, మా అక్క ఎలా ఉన్నా పదింటికల్లా అక్కడుంటుంది, ఎన్నాళ్ళు అలుగుతుంది అని. ఆ ధైర్యంతోనేగా చేసింది!"

టీ పోసి గ్లాసు అందించాడు.

ఇదీ ఆవిడ కడుపులో దిగిన గునపం. మడి లాక్కున్నాడు, సరే, ఆశ అనుకుందాం. అబద్ధమాడాడు, సరే, పెళ్ళాం అనుకుందాం. కానీ వాడు సిమెంటు కలిపేటప్పుడు ఇసుకా కంకరా ఎంతో కొలిచినట్టే, అక్క ప్రేమ కూడా ఎంత పడుతుందో కొలుచుకునే వేశాడన్నమాట! నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని ఊరికే అన్నారా?

టీ తాగలేదు. "పదింటికి తెరవాలి, నాలుగింటికి మూయాలి," అంది. "బొందు కుడివైపుకి లాగితే ముడి ఊడుతుంది."

"అవన్నీ నాకెందుకక్కా, నువ్వున్నావుగా," అని నవ్వాడు వాడు.

ఆదివారం కూడా ఎండే. కొట్టుకి సెలవు రోజు, అయినా తెరిచి కూర్చుంది. పది కొట్టింది. ఆవిడ కాలు పెడలు మీద నుంచి దానంతటదే లేచింది. బలవంతాన మళ్ళీ పెట్టింది. పదీ పది. ఇరవై తట్టలు, ఒక్కో గింజా తన వేలితో నాటినది, ఆకు ఆకూ కళ్ళ ముందు కనపడుతోంది. ఏడుపు తన్నుకొచ్చింది. ఏడ్చింది. లేవలేదు.

పదీ ఇరవైకి ఫోన్ మోగింది.

"అక్కా, ఎక్కడున్నావ్? లోపలంతా ఆవిరి పట్టేసింది. ఆకులు పడిపోతున్నాయి. నిన్న నేను బిగించిన ముడి ఊడి రావట్లేదు. తొందరగా రా!"

కొంగుతో మొహం తుడుచుకుంది. గొంతు సర్దుకుంది.

"చెప్పండి," అంది.

"అక్కా? వినపడుతోందా? నేనే."

"వినపడుతోంది, చెప్పండి. మీకేం కావాలి?"

షీటు గాలికి టపటపలాడటం ఫోన్లో వినిపిస్తోంది.

"అదేంటక్కా," అన్నాడు వాడు, గొంతు చిన్నబోయి. "నన్ను మీరంటున్నావేంటి?"

"కుట్టుపని ఏదైనా ఉంటే కొట్టుకి తీసుకురండి," అంది టైలరక్క. "సాయంత్రం ఆరు దాకా తెరిచే ఉంటుంది."

ఫోన్ పెట్టేసి మిషను తొక్కడం మొదలుపెట్టింది. సూదిలో దారం లేదని, గుడ్డ అంతా అయిపోయాక గానీ చూసుకోలేదు.