ఆఖరి ట్రిప్పు, ఆఖరి అధ్యాయం

"ఆధార్ తియ్యిండ్రి, జల్ది!" అంటూ పద్మలత మనుషుల మధ్య నుంచి వెనక్కి జరిగింది. తొర్రూరు నుంచి వరంగల్ పోయే బస్సు కిక్కిరిసి ఉంది. భుజాన సంచి, చేతిలో టికెట్ మిషన్, చంకలో అట్ట నలిగిన నవల. చెమటకు అట్ట రంగు ఖాకీ కోటుకు అంటుకున్నా ఆమెకు ఆ ధ్యాస లేదు.

నవల సుమయ్యాది. వర్ధన్నపేటలో బస్సెక్కి వరంగల్‌లో ఇంటర్ చదివే పిల్ల. "ఒక్క పేజీ సదివి సూడు ఆంటీ" అని ఆ మధ్య చేతిలో పెట్టింది. నవల్లో పెద్ద బంగ్లా, వరసగా కార్లు, పదహారేళ్ల నిషిత. రోడ్డు మీద ఒక మనిషి ప్రాణం తీసిన కారును ఎవరు నడిపారో ఆ ఇంట్లో నిషితకు తప్ప అందరికీ తెలుసు. జైలుకు మాత్రం ఇంటి డ్రైవరు పోయాడు.

డిపోలో మెకానిక్‌గా ఉన్న భర్త పోయాక, ఇంట్లో ఒకరికని ఆర్టీసీ ఇచ్చిన ఉద్యోగంతో పద్మలత కండక్టరయింది. ఒకప్పుడు అద్దె నవలలు దిండు కింద దాచుకుని చదివిన మనిషి. తర్వాత చదివినవల్లా ఆధార్ కార్డుల మీది పేర్లే. ఇన్నేళ్లకు మళ్లీ పుస్తకంలో పడి కూర మాడబెట్టుకుంటోంది.

డ్రైవర్ యాకయ్యకు పుస్తకం పడితే నిద్రొస్తుంది, కథ వింటే మాత్రం రాదు. టీ తాగడానికి ఆగినప్పుడల్లా కాస్త కాస్త చెప్పించుకునేవాడు. "నన్నిడిసి ముందటికి పోవద్దు చెల్లె" అని ఒట్టు కూడా వేయించుకున్నాడు. ఆ ఒట్టు కోసమే నిన్న ఆమె ఆఖరి అధ్యాయం తెరిచి కూడా మూసేసింది. ఈ రోజుతో యాకయ్య రిటైరవుతున్నాడు. కథ ఈ ట్రిప్పులోనే తేలాలి. చూస్తే ఊపిరి తిప్పుకోలేనంత రద్దీ.

రంగశాయిపేట దగ్గర బస్సు ఆగిపోయింది. ఎనుమాముల మార్కెట్‌కు పోతున్న ట్రాలీ ఒకటి ఒరిగి మిరప బస్తాలు పగిలి కాయలు రోడ్డంతా పడ్డాయి. ఘాటుకు బస్సంతా తుమ్ములు. యాకయ్య ఇంజను ఆపి వెనక్కి తిరిగాడు. ముఖం వెలిగిపోతోంది.

"దేవుడున్నడు చెల్లె! తియ్యి బుక్కు!"

పద్మలత చదవసాగింది.

"జర గట్టిగ సదువు బిడ్డా, ఇనవడ్తలేదు," అని కూరగాయల గంప ఒళ్లో పెట్టుకున్న మొగిలమ్మ అరిచింది.

పద్మలత గొంతు పెంచింది. తాతగారి పుట్టినరోజు విందు. నిజం తెలిసిపోయిన నిషిత చేతిలో మైకు. అన్న ఆమె మోచెయ్యి పట్టి లాగుతున్నాడు. తల్లి కళ్లతోనే వద్దని బతిమాలుతోంది. అంతలో పద్మలతకు తుమ్ము.

"అగో, గిప్పుడే తుమ్మాల్నా!" యాకయ్య విలవిల్లాడాడు.

"ఆ పిల్ల చెప్తదా, చెప్పదా?" మొగిలమ్మ పక్కనే నిలబడ్డ సుమయ్యా జబ్బ పట్టుకుంది.

"నేన్జెప్ప అమ్మమ్మా," సుమయ్యా చున్నీ చాటున నవ్వింది.

"'ఆ రాత్రి కారు నడిపింది మా అన్న, డ్రైవర్ రాజయ్య కాదు' అంది నిషిత." పద్మలత ఒక్క గుక్కలో చదివేసింది.

యాకయ్య స్టీరింగ్ మీద చరిచాడు. హారన్ మోగింది. బస్సులో ఈలలు, చప్పట్లు.

"మరి రాజయ్య? ఆయనను ఇడిసిపెట్టిన్రా?" ఆయన ఆత్రంగా అడిగాడు.

పద్మలత పేజీ తిప్పింది. ఖాళీ. కథ మైకు దగ్గరే అయిపోయింది. ఆ తెల్ల కాగితాన్నే చూస్తూ ఆమె చదివింది: "జైలు గేటు దాకా నిషిత ఎదురుపోయింది. అందరి ముందూ రాజయ్య చేతులు పట్టుకుని క్షమించమంది. రాజయ్య పిల్లలు పరుగెత్తుకొచ్చి నాయనను చుట్టేసుకున్నారు."

సుమయ్యా ఉలిక్కిపడి పద్మలత వైపు చూసింది.

"గట్లుండాలె," అంటూ యాకయ్య, అప్పటికే దారి తెరుచుకోవడంతో, ఇంజను స్టార్ట్ చేశాడు.

డిపోలో ఆయనకు శాలువా కప్పారు, ఫోటోలు దిగారు. "పోయొస్త చెల్లె" అని గేటు దాటి జనంలో కలిసిపోయాడు.

పద్మలత బస్సులోకి తొంగిచూసింది. డ్రైవరు సీట్లో, పాత చీరతో కుట్టిన మెత్త ఒకటి, మధ్యలో ఆయన కూర్చున్నంత మేర పల్లంగా, అలాగే ఉంది.